పేరు పోయిన పుస్తకము

కృతిచౌర్యమును గూర్చి మన ఆలంకారికులు వ్రాసినది కొంత కలదు. న్యాయశాస్త్రజ్ఞులు వ్రాసినది మిక్కిలిగా కలదు. ఆ రెంటిని క్షుణ్ణముగా చదివినవారే ఈ విషయమున నోరు విప్పుట యుక్తమని నేనును చాలకాలము అనుకొనుచుంటిని. నేను కూర్చిన పుస్తకమే వేరొక అట్టతో, వేరొక పేరుతో నా చేతికి వచ్చిన దినమున ఆ అభిప్రాయము మారినది.

విషయమిది. మా హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమమున చదువు పిల్లలకు పాఠ్యపుస్తకమైనను ఆలస్యముగా చేరిన యేడులు కలవు. ఇక అభ్యాసపుస్తకము దొరకుట అరుదు. అందుచేత 2014లో నేను కొన్ని వ్యాకరణాభ్యాసములు, లేఖారచన, చిన్న కథలు, పొడుపుకథలు, మా ఊళ్ల పాటలు చేర్చి తొంబదియారు పుటల పుస్తకమొకటి డి.టి.పి. చేయించి, మూడువందల ప్రతులు అచ్చువేయించి, అచ్చుకూలి మాత్రము పుచ్చుకొని పంచితిని. 2020లో బడులు మూతపడినపుడు దాని పి.డి.ఎఫ్. ప్రతిని వాట్సప్పు ద్వారా పిల్లల తల్లిదండ్రులకు పంపితిని. అది అక్కడినుండి ఎచ్చటెచ్చటికి పోయినదో నేను విచారింపలేదు. పదిమందికి ఉపయోగపడుచున్నది గదా యని సంతోషించితిని.

నిరుడు వేసవిలో నా పూర్వవిద్యార్థి యొకడు, ఇప్పుడు బెంగళూరున ఉద్యోగి, తన అన్న కుమార్తె కొరకు ఆన్‌లైను అంగడిలో కొన్న తెలుగు అభ్యాసపుస్తకమును తెచ్చి, “సార్, ఇది మన పుస్తకం మాదిరే ఉంది, చూడండి” అని చేతికిచ్చినాడు. రంగుల అట్ట. వెల రెండువందల నలువది రూపాయలు. సంకలనకర్తగా నేనెరుగని పేరు. లోపల అక్షరాక్షరము నాదే.

నాదేయని రుజువు చేయుట ఎట్లు? వ్యాకరణాభ్యాసములు ఎవరు వ్రాసినను ఒకే తీరున ఉండవచ్చునని ఎదుటివారు వాదింపవచ్చును. తాళపత్రప్రతులను పరిష్కరించు పండితులు పాటించు సూత్రమొకటి ఇచ్చట అక్కరకు వచ్చినది. రెండు ప్రతులు సరియైన పాఠమున ఏకీభవించినచో దానివలన తేలునది లేదు. తప్పు పాఠమున ఏకీభవించినచో ఒకటి రెండవదానికి తల్లియైనను కావలెను, రెండింటికి ఒకే తల్లియైనను ఉండవలెను. బ్రౌను దొర తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెలువడిన 1852వ సంవత్సరమును నేను అంకెలు తారుమారుచేసి 1825 అని అచ్చువేయించితిని. 1825 నాటికి ఆయన వేమన పద్యముల సంపుటమే వెలువడలేదు. అది 1829లో వచ్చినది. ముద్రణమైన పిదప తప్పు కనుగొని, సిగ్గుపడి, చేతనున్న ప్రతులలో సిరాతో దిద్దితిని. పి.డి.ఎఫ్.లో దిద్దుట మరచితిని. ఆ 1825 ఈ క్రొత్త పుస్తకమున రంగుచట్రములో, పెద్ద అక్షరములతో వెలసియున్నది. నా తప్పునకు ఇంతటి అలంకారము జరుగునని నేనెన్నడును ఊహింపలేదు.

ఆ రాత్రి రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టుకొని ఏమి పోయినదో, ఏమి మిగిలినదో గుర్తుపెట్టితిని. నా పేరు పోయినది. సజీవుడైన ఒక రచయిత కథలు రెండు నేను చేర్చియుంటిని. వాని చివర ఆయన పేరు ఉండెను. అదియు పోయినది. పాటల క్రింద పాడిన స్త్రీల పేర్లు, వారి గ్రామముల పేర్లు వేసియుంటిని. అవన్నియు పోయినవి. ఒక్కటి మాత్రము కొమ్ముగాని దీర్ఘముగాని చెడక మిగిలినది. లేఖారచన పాఠమున నేను ఏడవ తరగతి బాలిక యొకతె తన అమ్మమ్మకు వ్రాసిన జాబును మాదిరిగా ఇచ్చితిని. నిజమైన జాబైనచో పిల్లలకు ఉత్సాహముండునని తలచి ఆమె పేరు, తండ్రి పేరు, వీధి, ఇంటి నంబరు ఉన్నవి ఉన్నట్లు వేసితిని. ఆ జాబు అట్లే ఉన్నది.

ఉండవలసిన పేర్లన్నియు తీసి, తీయవలసిన పేరును ఉంచినారు. మొదటిది వారి దోషము. రెండవది మొదట నా దోషము, పిమ్మట వారిది. ఈ రెండును వేర్వేరు విషయములని, ఒకటి కాపీరైటునకు, మరియొకటి గోప్యతకు సంబంధించినదని చట్టము చెప్పును. నాకు మాత్రము రెండును ఒకే నిర్లక్ష్యమున పుట్టినవని తోచుచున్నది. అక్షరముల వెనుక మనుష్యుడొకడు ఉన్నాడను ఎరుక లేకపోవుటయే ఆ నిర్లక్ష్యము.

కావ్యములలో ఒకరిది ఒకరు తీసికొనుట మనవారికి క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దివాడగు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున కవుల భావములు కలియుట మూడు విధములని చెప్పినాడు. అద్దములోని నీడ వంటిది ఒకటి, చిత్తరువు వంటిది ఒకటి, ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుష్యుల వంటిది ఒకటి. మొదటి రెంటిని విడువుమనెను. మూడవదానిలో దోషము లేదనెను. ఏలయన పోలిక యున్నను ఆ రెండవ మనుష్యునకు తన ప్రాణము తనకు కలదు. పదవ శతాబ్ది ప్రారంభమున రాజశేఖరుడు కావ్యమీమాంసలో మూడు అధ్యాయములు ఈ విషయమునకే కేటాయించినాడు. శబ్దహరణము, అర్థహరణము అని విభజించి, ఎంత తీసికొనిన దోషమో, ఎట్లు తీసికొనిన గుణమో లెక్కలు కట్టినాడు. క్రొత్తది పుట్టించువాడు, ఉన్నదానిని మార్చువాడు, కప్పిపుచ్చువాడు, కూడబెట్టువాడు అని కవులలో తెగలు చెప్పినాడు. మూలము గుర్తింపరానంతగా మార్చుకొనుట ఆయన దృష్టిలో నేర్పు క్రిందికే వచ్చును. ఆ మరుగుపరచుటకు కవి ఎంత శ్రమింపవలెనో ఆలోచింపుడు. ముఖపత్రము చించి వేరొకటి అతికించుటకు అట్టి శ్రమ ఏమియు అక్కరలేదు. మూలమును దాచుట అను మాట రెండింటికిని వర్తించినను, రెండును ఒకటి కావు.

రాజశేఖరుడు తన భార్య యగు అవంతిసుందరి అభిప్రాయమును కూడ అచ్చట ఉదాహరించినాడు. ఏయే కారణములచేత కవి హరణమునకు పూనుకొనవచ్చునో ఆమె వరుసగా చెప్పినది. మూలకర్తకు ప్రసిద్ధి లేకపోవుట, అతడు వ్రాసిన భాషకు ఆదరము లేకపోవుట, ఆ కృతిని ఎరిగినవారు గతించుట, కర్త దూరదేశమున ఉండుట మొదలగునవి అందు కలవు. ఆమె వీనిని అనుమతులుగానే చెప్పినది. నాకు మాత్రము ఇది సాకుల పట్టికగా కనబడును. వేయి సంవత్సరములు గడచినను ఆ పట్టికలో చేర్పవలసిన క్రొత్త సాకు ఒక్కటియు లేదు. ముఖ్యముగా కర్త దూరదేశమున ఉండుటయను కారణమును చదివినపుడు మనవంటివారు ఒక్క క్షణము ఆగవలెను. హోసూరున, బరంపురమున, షోలాపురమున, యానామున కూర్చుండి తెలుగు వ్రాయువారి పుస్తకములు హైదరాబాదు, విజయవాడల అంగళ్లకు చేరుట అరుదు. చేరనిదానిని తీసికొనిన అడుగువారుండరు. మనము దూరదేశమున ఉన్న కర్తలము.

మన తెలుగు కవులు అనుకరణకు వెనుదీసినవారు కారు. పదునారవ శతాబ్దిలో రామరాజభూషణుడు వసుచరిత్రము వ్రాసిన పిదప దాని నడకను, శ్లేషను అనుసరించి ఎందరో కావ్యములు వ్రాసిరి. వానిని పండితలోకము పిల్ల వసుచరిత్రలు అన్నది. ఎగతాళియే, కాని ఆ ఎగతాళిలో తల్లి పేరు పిల్లకు అంటియున్నది. మడికి సింగన సకలనీతిసమ్మతమున పూర్వకవుల నీతిపద్యములను ఏరి కూర్చినపుడు ఏ పద్యము ఏ గ్రంథములోనిదో చెప్పినాడు. ముద్రామాత్యము వంటి గ్రంథములు నేడు మనకు లేవు. అవి ఉండెననియైనను మనకు తెలియుట సింగన పేరు చెప్పి తీసికొనుటవలననే. పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరమున చేసినదియు ఇట్టిదే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రబంధరత్నావళి యను పేర లుప్తగ్రంథముల పద్యములను ప్రకటింపగలిగిరనిన, ఆ సంకలనకర్తలు పద్యములతోపాటు పేర్లను వ్రాసికొనియుండుటయే కారణము. సంకలనము చేయువారందరు చదువవలసిన చరిత్ర ఇది. నకలు వ్రాయుట పుస్తకమును బ్రతికించును. పేరు లేని నకలు ఆ మేలును సగము చెరుపును.

పేరును పద్యములోనే కుట్టివేయుట మనవారు కనిపెట్టిన మరియొక ఉపాయము. మకుటమని, ముద్రయని దానికి పేర్లు. వేమన మకుటము ఎంతటి ప్రసిద్ధమైనదనిన, తాము వ్రాసిన పద్యములను ఆయన పేర చెలామణి చేసినవారు కోకొల్లలు, ఇది తిరుగుదొంగతనము. తిరువయ్యారున వెలసిన త్యాగరాజస్వామి కీర్తనలను తెలుగు రానివారు కూడ తరతరములుగా పాడుచున్నారు. అక్షరములు కొంత చెడినను చివర వచ్చు ముద్ర చెడలేదు. కర్తను చెప్పుటకు మరియొక పత్రము అక్కరలేదు. అయినను ఆయన ముద్రతో ఆయనవి కాని కీర్తనలు కొన్ని పుట్టినవని సంగీతవిద్వాంసులు వాదించుకొనుచునే యున్నారు. ఈ మధ్య ఇందుకు విపరీతమైన చిక్కొకటి పుట్టినది. 2020లో సభలు మూతపడి విద్వాంసులు తమ ఇండ్లనుండి అంతర్జాలమున పాడినపుడు, కొన్ని కచేరీలను యంత్రములు ఏదో కంపెనీ రికార్డుతో పోల్చి ఆపివేసినవి. కీర్తన అందరిది, రికార్డు మాత్రము కంపెనీది. ఒకే రాగము, ఒకే సాహిత్యము ఉండుటచే యంత్రము ఆ భేదమును పట్టలేదు. ఎవరికిని చెందనిదానికి యజమాని వెలసినాడు.

త్యాగరాజస్వామి సిద్ధిపొందిన 1847వ సంవత్సరముననే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము ఈ దేశమునకు మొదటి కాపీరైటు చట్టము చేసినది. పిదప 1914 చట్టము వచ్చినది. నేడు మనలను పాలించునది 1957 చట్టము. అది 1958 జనవరి 21 నుండి అమలులో ఉన్నది. కర్త మరణించిన పిదప ఏబది సంవత్సరములు హక్కు ఉండునని అది మొదట చెప్పినది. రవీంద్రనాథ ఠాకూరు కృతులకు ఆ గడువు 1991తో తీరవచ్చినందున, 1992లో దానిని అరువదికి పెంచిరి. మరణించిన సంవత్సరము ముగిసినప్పటినుండి ఈ లెక్క. 1915లో గతించిన గురజాడవారి రచనలు ఏనాడో అందరివైనవి. 1958లో గతించిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 2019 నుండి అందరిది. విశ్వనాథవారు 1976లోను, చలముగారు 1979లోను, శ్రీశ్రీగారు 1983లోను గతించిరి. వారి జీవితకాలమున వెలువడిన రచనలకు క్రమముగా 2036, 2039, 2043 సంవత్సరముల చివరివరకు హక్కు కలదు. మా రాష్ట్రమున వేరొక మార్గము కూడ కలదు. సుబ్రహ్మణ్యభారతి రచనల హక్కులను మదరాసు ప్రభుత్వము 1949లో తీసికొని 1955లో ప్రజలకు విడిచినది. తరువాతి ప్రభుత్వములును వారసులకు ద్రవ్యమిచ్చి పలువురు తమిళ రచయితల కృతులను అందరివిగా చేసినవి. గడువుకై కాచుకొనకయే మంచి పుస్తకము చౌకగా ఊరూర దొరకుటకు ఇది మంచి పద్ధతి యని నా అభిప్రాయము.

చట్టమున జనులు ఎక్కువగా మాటలాడునది వెలను గూర్చి, శిక్షను గూర్చి. నాకు అందు విలువైనదిగా తోచినది 57వ సెక్షను. కర్త తన హక్కులన్నిటిని అమ్ముకొనినను, తాను కర్తనని చెప్పుకొను అధికారము, తన రచనను తన గౌరవమునకు భంగము కలుగునట్లు వికృతము చేయకుండ అడ్డుకొను అధికారము అతనికి ఉండునని అది చెప్పుచున్నది. అవంతిసుందరి పట్టికకు ఇంతకంటె స్పష్టమైన ఉత్తరము లేదు. భావమునకు మాత్రము హక్కు లేదు. 1978లో సుప్రీముకోర్టు ఒక నాటకము, ఒక హిందీ చలనచిత్రము విషయమున ఇచ్చిన తీర్పులో, ఒకే ఇతివృత్తమును ఇద్దరు తమ తమ విధములుగా చెప్పవచ్చునని, దానిని వ్యక్తీకరించిన రూపమును తీసికొనుటయే తప్పని నిర్ణయించినది. ఆనందవర్ధనుడు చెప్పిన పోలికగల ఇద్దరు మనుష్యులు ఈ తీర్పున మరల కనబడుచున్నారు.

ఇక అంతర్జాలమున తిరుగుచున్న మన పాత పుస్తకముల సంగతి. ఈ శతాబ్ది తొలి యేండ్లలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను ప్రణాళిక క్రింద వేలకొలది తెలుగు పుస్తకములను యంత్రములతో చిత్రములు తీసిరి. ఆ ప్రతులు చాలవరకు ఇప్పుడు వేరొక అంతర్జాల గ్రంథాలయమున దొరకుచున్నవి. మావంటి చోట్ల తెలుగు పుస్తకపుటంగడి యనునది కంటికి కానరాదు. వావిళ్లవారు చెన్నపట్టణమున అచ్చువేసిన ఒక ప్రబంధము కావలెనన్న నేడు చెన్నపట్టణమునకు పోయినను దొరకుట దుర్లభము. అట్టి పుస్తకమును మా విద్యార్థి తన సెల్‌ఫోనులో తెరచి చదువుట నేను కన్నులార చూచితిని. దానిని చౌర్యమని ఎవరైన అందురేని నేను అంగీకరింపను. అయితే అందులో హక్కు తీరని పుస్తకములు కూడ కలిసియున్నవను మాట దాచరానిది.

ఆ ప్రణాళికలో జరిగిన పెద్దలోపము వేరొకటి. పుస్తకముల పేర్లను, కర్తల పేర్లను ఆంగ్లలిపిలో తోచినట్లు వ్రాసిరి. కవి పేరుండవలసినచోట పరిష్కర్త పేరు, పరిష్కర్త పేరుండవలసినచోట శూన్యము పెక్కింట కనబడును. ఈ పొరపాటును ఆధారముగా చేసికొని వ్యాపారము నడపువారు బయలుదేరినారు. ముఖపత్రమును తీసివైచి, పుటపుటకు తమ ముద్రను నీటిగుర్తుగా వేసి, అడిగినవారికి ఒక్కొక్క ప్రతి అచ్చువేసి పంపుచున్నారు. హక్కు తీరిన పుస్తకమును అచ్చువేసి అమ్ముట తప్పు కాదు. కాని ముఖపత్రముతోపాటు ముద్రణాలయము, సంవత్సరము, ఎన్నవ కూర్పు, ఎవరి పీఠిక అను వివరములు పోవుచున్నవి. పరిశోధకునకు ఇది నష్టము కాదు, నాశనము. తెలుగు వికీపీడియా 2003 చివర మొదలైనది. అందులోని వ్యాసములను ఎవరైనను వాడుకొనవచ్చును. మూలమును చెప్పవలెను, అవే షరతులతో ఇతరులకును విడువవలెను. ఆ వ్యాసములను యథాతథముగా దించుకొని క్రింద తమ పేరు వేసికొనువారిని అడిగినచో, అది ఉచితము గదా యని జవాబు. ధర్మసత్రమున భోజనము చేయవచ్చును; సత్రము కట్టించినవాని శిలాఫలకమును పెకలించి తన ఇంటి గోడకు పెట్టుకొనుట ఎక్కడి న్యాయము?

ఈ ఆవేశము నాకు తగదని వెంటనే గుర్తునకు వచ్చినది. ఆ రెండు కథలను నేను వేసికొనినపుడు ఆ రచయిత అనుమతి అడిగితినా? అడుగలేదు. బడిపిల్లల కొరకు గదా, పేరు వేసితిని గదా యనుకొంటిని. చట్టము 52వ సెక్షనులో బోధనార్థము కూర్చు సంకలనమునకు కొంత వెసులుబాటు ఇచ్చినది నిజమే. సంకలనమున ఎక్కువభాగము హక్కులేని విషయమై యుండవలెను. హక్కుగలవానినుండి చిన్న భాగములే తీయవలెను. ఒకే కర్తనుండి ఒకే ప్రచురణకర్త ఐదేండ్లలో రెంటికి మించి తీయరాదు. ఆ మూలములు బోధన కొరకే వెలువడినవి కారాదు. సంకలనము బోధనార్థమని పేరులోనే తెలుపవలెను. నేను తీసినవి రెండే, కాని భాగములు కావు, పూర్తి కథలు. గట్టు దాటినవాడనే. ఆలస్యమైనను ఆ రచయితకు జాబు వ్రాసి జరిగినది చెప్పితిని. ఆయన వెంటనే ఫోనుచేసి అనుమతించి, చివర ఒక ప్రశ్న అడిగినారు: “అంతా బాగుంది గానీ మాస్టారూ, రెండో కథలో చివరి వాక్యం ఎందుకు ఎత్తేశారు?” ఆ వాక్యము పిల్లలకు కఠినమని నేను తీసివేసిన మాట నిజము. పదునొకండేండ్ల తరువాత కూడ కర్తకు తన వాక్యము తెలియును.

గోప్యత విషయము ఇంతకంటె సున్నితమైనది. చట్టములు చేయుటకు ముందే కోర్టులు దీనిని గుర్తించినవి. 1994లో మా తమిళనాటి పత్రిక యొకటి ఒక ఖైదీ ఆత్మకథను ప్రకటింప పూనుకొనిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు, తన యింటిని, కుటుంబమును, వివాహమును, పిల్లలను, చదువును గూర్చిన ఏకాంతమును కాపాడుకొనుటకు పౌరునకు హక్కు కలదని, ప్రభుత్వ రికార్డులలో ఉన్నదానిని మాత్రము ప్రకటింపవచ్చునని చెప్పినది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. వానిలో పెక్కు క్రమక్రమముగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటు. పదునెనిమిది యేండ్లు నిండనివారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల అనుమతి నిజముగా పొందవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. 2014లో నేను ఆ బాలిక జాబును అచ్చువేసినపుడు ఈ చట్టము లేదు. కాని ఆమె తండ్రిని అడుగవచ్చునను తెలివి ఉండుటకు చట్టము అక్కరలేదు.

మన సంఘముల సంచికలు వెలువరించు పెద్దలు నన్ను మన్నింపవలెను. చాల సంచికల చివర సభ్యుల పట్టిక ఉండును. పేరు, ఊరు, ఉద్యోగము, ఇంటి నంబరు, ఫోను నంబరు. కొన్నింట గోత్రము, పెండ్లికి ఎదిగిన పిల్లల వివరములు కూడ. మూడువందల ప్రతులు అచ్చువేసి, మూడువందల ఇండ్లలో పెట్టెలలో ఉంచుకొనిన కాలమున ఇది బంధుత్వమును కలుపు మంచి పని. చెదరియున్న మనవారికి ఆ పట్టికయే చుట్టరికము. నా చెల్లెలి సంబంధము అట్టి పట్టికవలననే కుదిరినది. ఆ పట్టిక పి.డి.ఎఫ్.గా మారిన దినమునుండి దానిని చదువునది మన బంధువులు మాత్రమే కాదు. స్థలములు అమ్మువాడు, అప్పులిచ్చువాడు, వివాహసంబంధముల పేర రుసుము గుంజువాడు, వీరందరును చదువుదురు. వ్యాసములను అంతర్జాలమున పెట్టుడు, పట్టికను పెట్టకుడు. పెట్టవలెనన్న ఒక్కొక్కరిని అడిగి పెట్టుడు. మన పిల్లలు వార్షికోత్సవములలో పద్యములు చదువుచుండగా తీసిన చిత్రములకును, యూట్యూబున పెట్టుటకు ముందు, ఈ మాటయే వర్తించును. వేదికమీద పద్యము మరచి ఏడ్చిన పిల్లవాని చిత్రమును లక్షమంది చూచి నవ్వినచో, వాడు మరల తెలుగు పద్యము పట్టునా?

నా ఫిర్యాదు సంగతి చెప్పి ముగింతును. ఆ ఆన్‌లైను అంగడివారికి జరిగినదంతయు వ్రాసితిని. పుస్తకము నాదని తెలుపు రిజిస్ట్రేషను పత్రము చూపుమనిరి. కాపీరైటునకు రిజిస్ట్రేషను నిర్బంధము కాదని, రచించిన క్షణముననే హక్కు పుట్టునని చట్టమును చూపితిని. 1825 సంగతి వివరించి రెండు పుటల చిత్రములు పంపితిని. ఫిర్యాదు ముందుకు సాగవలెనన్న నా పేరు, చిరునామా, ఫోను నంబరు ఎదుటిపక్షమునకు తెలుపుటకు సమ్మతింపవలెననిరి. పేరు తీసినవాడు చాటుననే ఉండును, పేరు పోయినవాడు తన ఇంటి నంబరు ఇచ్చుకొనవలెను! సమ్మతించితిని. మూడు వారములకు ఆ పుస్తకమును అమ్మకమునుండి తొలగించిరి. రెండు నెలలకు అదియే వేరొక అట్టతో, వేరొక సంకలనకర్త పేరుతో మరల కనబడినది. మరల ఫిర్యాదు చేసితిని. ఇప్పటికి అది కనబడుట లేదు. అమ్ముడుపోయిన ప్రతులు ఎన్నియో, ఏ ఇండ్లలో ఉన్నవో తెలియు మార్గము లేదు.

ఆ బాలిక ఇప్పుడు కళాశాల చదువు ముగించినది. వారి యింటికి పోయి జరిగినది చెప్పితిని. ఆమె తండ్రి రెండు పుస్తకములను తిరుగవేసి చాలసేపు చూచి, “సార్, మీ పేరు పోయిందని బాధపడతా ఉండారు, సరే. మా పాప పేరు ఎందుకు పోలేదు?” అని అడిగినాడు. నేను ఏమియు చెప్పలేకపోయితిని.

రెండవ కూర్పు ఈ యేడు సిద్ధమగుచున్నది. జాబున బడి చిరునామా వేసితిని. వ్రాసిన బాలిక పేరు కల్పితము. 1852ను రెండుసార్లు సరిచూచితిని. కథ చివరి వాక్యమును తిరిగి చేర్చితిని. పాటల విషయమున, పాడినవారిలో బ్రతికియున్నవారిని మరల కలిసి, పేరు వేయవచ్చునా, ఊరు చెప్పవచ్చునా, చిత్రము వేయవచ్చునా యని విడివిడిగా అడుగుచు వచ్చితిని. కొందరు అన్నియు వేయుమనిరి. ఇద్దరు ఏమియు వద్దనిరి. వారి పాటల క్రింద చోటు ఖాళీగా ఉండును. ఎనుబది దాటిన అవ్వ యొకతె విసనకర్ర ఆపి, నేను చదివి వినిపించిన తన పాటను చివరివరకు విని, “పాట నాది కాదయ్యా, మా అత్తది. ఆయమ్మ పేరు రాయి. నా పటం వద్దు” అన్నది. అత్తగారి పేరేమని అడిగితిని. ఆమె చెప్పిన పేరును నోటుపుస్తకమున వ్రాసి, సరిగా వ్రాసితినో లేదో యని ఆమెకు మరల చదివి వినిపించితిని.